చూడలేదన్న కాగితం

"మీ అత్త పడవ దిగింది. బండి ఎక్కమంటే వద్దందట, నడిచే వస్తోంది" అని పక్కింటావిడ కంచె మీంచి చెప్పి వెళ్ళిపోయింది.

విన్నాక కూడా అకేసా కదల్లేదు. పొద్దున్న లేచినప్పటి నుంచి ఆ కాగితం ముందే కూర్చుని ఉంది.

అందులో ఉన్నవి మూడే వాక్యాలు. బడి ప్రిన్సిపాల్ సైమోనే మాస్టారు ఆమె మీద జాలితో తనే టైపు చేయించి నిన్న సాయంత్రం పంపించారు. ‘మంగళవారం ఐదో ఫారం మగపిల్లలకు నేను జీవశాస్త్రం పాఠం చెప్పాను. నా మేనత్త కొడుకు ఫెలేటి ఆ గదిలోకి రావడం నేను చూడలేదు. చూసి ఉంటే పాఠం అక్కడే ఆపేసేదాన్ని.’ కింద రెండు గీతలు. మొదటిది అకేసా సంతకానికి. రెండోది పిల్లవాడి తరఫు పెద్దల సంతకానికి.

సోమవారం బడి గంట మోగేలోగా ఆ కాగితం ఆయన బల్ల మీదికి చేరితే, టీచర్ల శిక్షణ కాలేజీ నుంచి పాఠం చూడ్డానికి వచ్చిన తెలేసియా మేడమ్ తన దగ్గర ఆపి ఉంచిన మార్కుల పత్రం మీద సంతకం పెడుతుంది. మూడేళ్ళ చదువు గట్టెక్కుతుంది. వచ్చే టర్ము నుంచి అకేసా అదే బళ్ళో సైన్సు టీచరు. చేరకపోతే ఆ పాఠం లెక్కలోకి రాదు. ఆ పాఠం లేనిదే డిప్లొమా రాదు. తెలిసి కట్టుబాటు తప్పినదని పేరు పడితే ఇంకే బడీ గుమ్మం ఎక్కనివ్వదు.

మూడు వాక్యాల్లో మొదటిదొక్కటే నిజం.

ఆ సంగతి తనకి కాక తెలిసినవాడు ఫెలేటి ఒక్కడేనని ఆమె అనుకుంటోంది. వాడు మంగళవారం మధ్యాహ్నం బడి నుంచి తిన్నగా ఊరవతల తోటకి వెళ్ళి, కందగడ్డలు దాచే గుడిసెలో చేరాడు. నాలుగు రోజులైంది. ఇంటికి రాడు, బడికి రాడు. ఏమైందని అడిగినవాళ్ళకి నేల చూపులే జవాబు. పరీక్షలు ఇంకా అయిదు వారాలే ఉన్నాయి.

తండ్రి కిటియోనే తెల్లవారగానే ఇల్లంతా ఊడ్చాడు. భార్య పోయాక రెండేళ్ళుగా ఆ ఇంట్లో చీపురు ఆయన చేతిదే. గదిలో పైకొసన, తన అక్క కూర్చునే చోట, ఉన్నవాటిలో సన్నని నేత చాప పరిచాడు. తనకి గుమ్మం పక్కన చోటు ఉంచుకున్నాడు. తర్వాత ఇఫీ చెట్టు కొమ్మలు విరిచి తెచ్చి, మెట్టు మీద కూర్చుని ఆకులు దండ గుచ్చసాగాడు.

ఆ దండ ఎందుకో ఊళ్ళో పసిపిల్లకైనా తెలుసు. తప్పు చేసినవాళ్ళు మెడలో వేసుకుని పెద్దల ముందు తల వంచుకు కూర్చునే దండ అది.

"నాన్నా, అది నేను వేసుకోవాలి" అంది అకేసా.

"నీకు తెలీక జరిగింది. తెలీక జరిగినదానికి తండ్రి వేసుకుంటే సరిపోతుంది" అన్నాడాయన, ఆకుల మీంచి చూపు తియ్యకుండా.



మంగళవారం నాటి పాఠం మనిషి పుట్టుక గురించింది. అక్కాతమ్ముళ్ళు ఒక గదిలో ఉండి వినకూడనిది. అక్కాతమ్ముళ్ళంటే ఒక తల్లి పిల్లలే కాదు, మేనమామ కొడుకూ మేనత్త కొడుకూ కూడా తోడబుట్టినవాళ్ళ కిందే లెక్క. మేనత్త కొడుకుని బావా అని పిలిచి వేళాకోళమాడే దేశాలున్నాయంటే ఇక్కడ టోంగా దీవుల్లో ముసలివాళ్ళు చెవులు మూసుకుంటారు. రేడియోలో ప్రేమపాట మొదలైతే అక్కో తమ్ముడో ఎవరో ఒకరు లేచి బయటికి వెళతారు. ఫెలేటి పన్నెండో ఏట చదువు కోసం ఈ ఇంటికి వచ్చాడు. వచ్చిన రోజునే వాడికి పెరట్లో వేరే గుడిసె వేశారు.

ఇవన్నీ అకేసాకి తెలియనివి కావు. అందుకే ఆడపిల్లలకి సోమవారం, మగపిల్లలకి మంగళవారం అని విడగొట్టింది. మగపిల్లల హాజరు పట్టీ ముందేసుకుని, వాళ్ళలో తనకి వరసకి తమ్ముళ్ళయ్యేవాళ్ళు ఎవరో ఊళ్ళో ముసలమ్మల్ని అడిగి రాసుకుంది. ఇద్దరు తేలారు. ఆ గంటకి వాళ్ళని వేరే మాస్టారి దగ్గరికి పంపించింది.

ఫెలేటి ఆ పట్టీలో లేడు. వాడిది పక్క సెక్షను. కానీ ఆ రోజు వాళ్ళ మాస్టారు, తన ఊళ్ళో ఎవరో పోయారని కబురొచ్చి మధ్యలో వెళ్ళిపోయాడు. ఊరికే ఉన్న మగపిల్లలు గోల చేస్తుంటే ఎవరో వాళ్ళని తెచ్చి అకేసా పాఠంలోకి తోలేశారు. తొమ్మిదిమంది. అందరికంటే చివర వచ్చినవాడు ఫెలేటి. అప్పటికి నల్లబల్ల మీద బొమ్మ సగం అయింది.

ఆమె వాణ్ణి చూసింది. వాడు ఆమెని చూశాడు. గది వెనక తెలేసియా మేడమ్ మార్కుల పత్రం మీద పెన్ను ఆనించి ఉంది.

అకేసా నల్లబల్ల వైపు తిరిగి మిగతా సగం గీసింది. భాగాలకి పేర్లు రాసింది. ఆ పేర్లు పైకి చదివింది.

టీచరు చెప్పకుండా గది దాటకూడదని బడి నియమం. ఫెలేటి ఆమె చెబుతుందని చూశాడు. తలుపు పక్కనే తల వంచుకుని, తన పాదాలకేసి చూసుకుంటూ రెండు నిమిషాలు నిలబడ్డాడు. ఎవడో కిసుక్కున నవ్వాడు. అప్పుడు కదిలాడు వాడు, సంచీ కూడా తీసుకోకుండా. "మీ అక్క బొమ్మలు బాగా గీస్తుందిరా" అని వెనక నుంచి ఒకడన్న మాట వరండా చివరిదాకా వినిపించింది.

పిల్లలు వెళ్ళాక తెలేసియా మేడమ్ వాడు నీకేమవుతాడని అడిగింది. తమ్ముడని చెప్పింది అకేసా. చెప్పి, తను చూడలేదంది. మేడమ్ ఆమె ముఖంలోకి కాసేపు చూసి, ఇంకేమీ అడక్కుండా డస్టరు తీసుకుని నల్లబల్ల మొత్తం తనే తుడిచింది. మూల ఒక్క గీత కూడా మిగలకుండా తుడిచింది. పత్రం మీద మాత్రం సంతకం పెట్టలేదు.

* * *

లేసియెలి అత్త వచ్చేసరికి ఎండ ముదిరింది. ఎవా దీవి నుంచి పొద్దుటి పడవలో రెండున్నర గంటలు, రేవు నుంచి గంట నడక. ఆనవాయితీగా బట్టల మీద నడుముకి చుట్టుకున్న చాప చెమటకి నానిపోయింది. తండ్రికి అక్క అంటే ఈ ఇంటి మీద ఆవిడ మాటకి పైన మాట లేదు. పెళ్ళికైనా పేరు పెట్టడానికైనా ఆవిడ ఊ అనాలి. అకేసా కాలేజీలో చేరతానన్నప్పుడు, ఆడపిల్లకి కప్పల్ని కోసే చదువేమిటని చిన్నాన్నలందరూ ముఖం చిట్లిస్తే, దాన్ని పంపమని ఒక్క మాటతో తేల్చిందీ ఆవిడే.

ఆవిడ గదిలోకి వచ్చింది. పరిచిన చాపకేసి చూసింది. దాని పక్కన కటిక నేల మీద కూర్చుంది.

గుమ్మం దగ్గర నుంచి కిటియోనే చేత్తో చాప చూపించాడు.

"అక్కయ్యా, చాప మీద కూర్చోండి."

"తీసి పక్కన పెట్టు. నేను చుట్టపుచూపుగా రాలేదు."

ఆయన తియ్యలేదు. అది అలాగే ఇద్దరి మధ్యా ఖాళీగా ఉండిపోయింది.

లేసియెలి గొంతు పెంచే మనిషి కాదు. పడవలో జరిగింది నెమ్మదిగా చెప్పుకొచ్చింది. ఎదురుగా కూర్చున్న చేమదుంపలమ్మే మనిషి పలకరించి, మీవాడు చదువు మానేశాడటగా అందట. లేదే అని ఈవిడంటే, అందరూ వినేలా అసలు సంగతి చెప్పిందట.

"వాళ్ళ అక్కే బొమ్మ గీసి చూపించిందట కదమ్మా అంది. పడవంతా నాకేసి చూశారు. ఇంకా రెండు గంటల ప్రయాణం ఉంది. సముద్రం మధ్యలో ఎక్కడికి దిగిపోను?" అంది అకేసాతో. "నీకు చదువు చెప్పించమన్నది నేను. ఆ చదువు నా కొడుకు నెత్తినే తెచ్చి పెట్టావు."

అకేసా తల ఎత్తలేదు. ఎత్తితే ఆవిడ కాళ్ళు కనిపిస్తాయి. గంట నడిచిన కాళ్ళు, మడమ దగ్గర చెప్పు ఒరుసుకుని తోలు లేచిపోయి ఉన్నాయి. అది ఇందాకే చూసింది.

ఉన్న ఒక్క కొడుకుని నాలుగేళ్ళ కిందట పడవెక్కించి పంపింది లేసియెలి. ఓడల మీద ఇంజనీరు పనికి పోవాలని వాడి కోరిక. ఐదో ఫారం పరీక్షలో సైన్సు దాటితే తప్ప ఆ శిక్షణలోకి తీసుకోరు. ఆవిడ ఆ మాట ఇప్పుడు అనలేదు. అందరికీ తెలిసిన మాటే.

కిటియోనే ఇఫీ దండ మెడలో వేసుకున్నాడు. గుమ్మం దగ్గర నుంచి లేవకుండా, మోకాళ్ళ మీదే ముందుకి జరిగి, అక్క ముందు నుదురు నేలకి ఆనేలా వంగాడు. ఆదివారాలు చర్చిలో వాక్యం చెప్పే మనిషి, ఊళ్ళో తగవులకి సాక్ష్యంగా పిలిచే మనిషి. ఆయన వెన్ను చొక్కాలోంచి గూనిగా కనిపించింది.

"అక్కయ్యా, తప్పు మా ఇంటిది. కాదనను. కానీ పిల్ల చూడలేదు. బొమ్మ గీస్తూ వెనక్కి తిరిగి ఉంది. చూసి ఉంటే ఆపేసేది. నా మాట మీద నమ్మండి. ఆ కాగితం మీద మీరు సంతకం పెడితే దాని చదువు నిలబడుతుంది. ఫెలేటిని నేను వెళ్ళి కాళ్ళు పట్టుకునైనా బడికి తీసుకొస్తాను."

ఆయన ఏనాడూ ఎవరికీ అలా తన మాటని తాకట్టు పెట్టలేదు.

లేసియెలి తమ్ముడి మెడలోని ఆకుల్ని చాలాసేపు చూసింది. చెయ్యి చాపి ఆ దండ తీసేస్తే క్షమించినట్టు. ఆవిడ చెయ్యి కదిలింది కూడా.

"చూశాను" అంది అకేసా.

 పెరట్లో పంది పిల్ల ఒకటి తొట్టిని తోస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"వాడు తలుపు దగ్గరికి రాగానే చూశాను అత్తా. వాడూ నన్ను చూశాడు. నేను ఆపలేదు."

ఆవిడ చెయ్యి వెనక్కి పోయింది.

"ఎందుకు?"

"ఆపితే ఎందుకు ఆపానో మేడమ్‌కి చెప్పాలి. మళ్ళీ పాఠం పెట్టరేమో అనుకున్నాను."

"ఇంకా?"

అకేసా కాసేపు వెతుక్కుంది. మార్కుల మాట నిజమే కానీ అదొక్కటే కాదు. కాలేజీలో చెప్పేవారు, తరగతి గుమ్మం దగ్గర చెప్పులతో పాటు చుట్టరికాలూ విడిచి లోపలికి వెళ్ళమని. మూడేళ్ళుగా ఆ మాట ఆమెకి ఎంతో నచ్చింది. తొమ్మిదిమందికి ఒక్క సూక్ష్మదర్శిని ఉన్న గదిలో, తన వంతు వచ్చి కంటికి ఆనించుకున్నప్పుడల్లా, తను ఎవరికీ ఏమీ కానట్టు, కన్ను మాత్రమే అయినట్టు ఉండేది.

"నేను టీచర్ని, వాడు పిల్లల్లో ఒకడు అనుకున్నాను. ఆ రెండు నిమిషాలూ వాడికి అక్కని కాననుకున్నాను."

"నువ్వనుకున్నావు. వాడెలా అనుకుంటాడు? వాడికి ఎవరు నేర్పారది?"



లేసియెలి ఇంకా నేల మీద వంగే ఉన్న తమ్ముడి వైపు తిరిగింది. "కిటియోనే, ఇది నీకు తెలుసా?"

ఆయన తల పైకి రాలేదు. అకేసా ఆయనకేసి చూసింది. తెలియదనే చెబుతాడని ఎదురుచూసింది.

"తెలుసు" అన్నాడాయన నేలతో. "మంగళవారం నుంచీ."

"నేను చెప్పలేదు నాన్నా."

"ఇంట్లోకి వస్తూనే, నేను ఫెలేటిని చూడలేదు నాన్నా అన్నావు. అప్పటికి నేనేమీ అడగలేదు. ఏం జరిగిందో కూడా నాకు తెలీదు." ఆయన అక్క పాదాల వైపు తిరిగాడు. "అక్కయ్యా, మీతో నేను అబద్ధమాడటం ఇదే మొదలు. తల్లి లేని పిల్ల అని నాకు నేను చెప్పుకున్నాను. అది కారణం కాదు. మా ఊళ్ళో అందరి ముందూ నా కూతురు టీచరు అని చెప్పుకోవాలని నాకే ఆశ."

అకేసాకి తల కొట్టేసినట్టయింది. మంగళవారం నుంచి తను ఒక్కతే మోస్తున్నాననుకున్న అబద్ధాన్ని తండ్రి నాలుగు రోజులుగా పక్కనే నడుస్తూ రెండో కొస పట్టుకున్నాడు. ఆకులు గుచ్చుతూ ‘తెలీక జరిగింది’ అన్నప్పుడు ఆయన చూపు ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు అర్థమైంది.

 అత్తకి కోపం వస్తే బాగుండుననిపించింది అకేసాకి. ఆవిడ కాగితం అందుకుని, కళ్ళకి దూరంగా పట్టుకుని, మూడు వాక్యాలూ పెదవులు కదుపుతూ చదువుకుంది. తర్వాత తమ్ముడికి అందించింది.

"దండ తియ్యను. అలాగే వెళ్ళు. ఇది వాడికి చదివి వినిపించు. ఇక్కడ మీరిద్దరూ ఏమన్నారో అది కూడా చెప్పు, ఒక్క మాట తగ్గించకుండా. జరిగింది వాడికి. ఏం చెయ్యాలో వాడే చెప్పాలి."

అకేసా తనే వెళతాననలేదు. వెళ్ళకూడదు. ఈ సంగతి మీద అక్క తమ్ముడి ఎదుట నిలబడి మాట్లాడటమంటే మంగళవారం చేసిన పనే మళ్ళీ చెయ్యడం.

కిటియోనే మెడలో ఆకులతో, చేతిలో కాగితంతో వీధిలోకి దిగాడు. శనివారం కావడంతో ఊరంతా మర్నాటి ఆదివారపు వంటకి, గుంతపొయ్యిల కోసం కట్టెలు కొడుతూ వాకిళ్ళలోనే ఉంది. ఆయన వెళుతుంటే గొడ్డళ్ళ చప్పుడు ఒక్కో ఇంటి ముందూ ఆగుతూ పోవడం లోపలికి వినిపించింది.

* * *

తోటకి పోను అరగంట, రాను అరగంట. అత్తా మేనకోడలూ ఒకే గదిలో ఉన్నారు. పక్కింటావిడ ఆకుతో మూసిన గిన్నె ఒకటి గుమ్మంలో పెట్టి, లోపలికి తొంగి చూడకుండా వెళ్ళిపోయింది. చేమాకుల్లో కొబ్బరిపాలు పోసి ఉడికించినది. ఇంకా వేడిగా ఉంది. ఇద్దరూ ముట్టుకోలేదు.

అకేసా లోపలికి వెళ్ళి బేసినులో నీళ్ళు, గుడ్డ తెచ్చింది. అత్త మడమ కడుగుతుంటే ఆవిడ కాలు లాక్కోలేదు. 

కాసేపటికి లేసియెలి గోడ వార ఉన్న బొమ్మల పుస్తకం అందుకుంది. కాలేజీలో మూడేళ్ళు అకేసా గీసినవన్నీ అందులో ఉన్నాయి. తీరపు రాళ్ళలో ఏరిన సముద్రపు జలగలు, అరటి పువ్వు కోత, పంది గుండె. ఆ గుండెని తండ్రే ఒక ఆదివారం కోసం కోసిన పందిలోంచి జాగ్రత్తగా తీసి, ఆకులో చుట్టి, బొమ్మ అయ్యేదాకా ఎవరినీ తిననివ్వకుండా దాచాడు. ఆవిడ ఒక్కో పేజీ తిప్పి, చివరలో ఆ పాఠం బొమ్మ దగ్గర ఆగి, మూసేసింది.

"ఈ ఒక్క పాఠమూ వదిలేస్తే టీచరు కాలేవా?"

"అవచ్చు అత్తా. చాలామంది వదిలేస్తారు. ఇంట్లో చదువుకోమంటారు."

"మరి?"

"కిందటేడు ఐదో ఫారంలో ఇద్దరు ఆడపిల్లలు బడి మానేశారు. ఒకమ్మాయికి ఆరో నెల వచ్చేదాకా తనకేమైందో తనకే తెలీదు. వాళ్ళమ్మ కడుపులో గడ్డ అనుకుని పసరు పోయించింది."

లేసియెలి పుస్తకం మీద అరచెయ్యి ఆనించి కూర్చుంది.

"చెప్పాల్సిన పాఠమే" అంది చివరికి. "వాడి ముందు కాదు."

"కాదత్తా."

ఆ ‘కాదత్తా’ అన్న తర్వాత అకేసాకి ఏడుపొచ్చింది. నాలుగు రోజుల్లో ఇదే మొదటిసారి. అత్త దగ్గరికి తీసుకోలేదు. కానీ ఆకు తీసి, గిన్నె ఆమె ముందుకి జరిపింది.

తండ్రి తిరిగి వచ్చేసరికి నీడలు కంచె దాటాయి. ఒక చేతిలో కాగితం. ఇంకో చేతిలో గుడ్డ మూట. మెడలో ఆకులు వాడిపోయి ఉన్నాయి. ఆయన మళ్ళీ గుమ్మం దగ్గరే కూర్చున్నాడు. కాగితం ముందు అక్కకే ఇచ్చాడు.

మూడు వాక్యాల కింద పెన్సిలుతో, గుండ్రని అక్షరాల్లో ఇంకో రెండు వాక్యాలు ఉన్నాయి. ‘అక్క నన్ను చూడలేదు. ఇది నిజం.’ కింద ఫెలేటి సంతకం.

"అంతా చెప్పావా?" అంది లేసియెలి.

"అంతా చెప్పాను. అది చూశానందన్న మాట కూడా. వాడు నవ్వాడు. అక్క చెప్పేసిందా అన్నాడు. అని, పెన్సిలు అడిగాడు."

"బడికి వస్తాడా?"

కిటియోనే మూట విప్పాడు. వాడి బడి యూనిఫారం లుంగీ నాలుగు మడతలు పెట్టి ఉంది. దాని మీద ఓడ ఇంజన్ల పుస్తకం. ప్రిన్సిపాల్ గారిదట, తిరిగి ఇచ్చెయ్యమన్నాడట.

"ఒకే బళ్ళో ఇద్దరం ఉండలేం మావయ్యా అన్నాడు. పోట్లాడలేదు, ఏడవలేదు. ఊళ్ళో సైన్సు టీచరు లేరు, కందగడ్డలు నాటేవాళ్ళు చాలామంది ఉన్నారు అన్నాడు. పొద్దుటి నుంచి రెండు సాళ్ళు తవ్వాడు. నన్ను పార పట్టుకోనివ్వలేదు."

లేసియెలి ముఖం ఒక్కసారి నలిగి, మళ్ళీ సర్దుకుంది. కొడుకుని తిట్టలేదు. తిట్టడానికి వాడు తప్పేం చేశాడు? అక్క దారికి అడ్డం రాకుండా పక్కకి తప్పుకోవడం తమ్ముడి ధర్మమని వాడికి ఉగ్గుతో పోసింది తనే. తన తమ్ముడు నలభై ఏళ్ళుగా చేస్తున్నదీ అదే. మెడలో వాడిపోయిన ఆకులతో ఎదురుగా కూర్చుని ఉన్నాడు, సాక్ష్యంగా.

ఆవిడ లేచింది. వంగి తమ్ముడి మెడలోంచి దండ తీసి మెట్టు కింద పడేసింది. ఆయన రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు.

తర్వాత కాగితం అకేసా ముందు నేల మీద పెట్టి, దాని మీద పెన్ను ఉంచింది.

"వాడు తమ్ముడిగా చెయ్యాల్సింది చేశాడు. నీ కోసం అబద్ధం రాసి, నీకు దారిచ్చాడు. నువ్వు మొదటి గీత మీద సంతకం పెడితే రెండో గీత మీద నేనూ పెడతాను. సోమవారం నేనే పట్టుకెళ్ళి ఇస్తాను. ఈ ఇంట్లో ఎవరూ ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తరు. వాడు కందగడ్డలు నాటుకుంటాడు."

"పెట్టకపోతే అత్తా?"

"పెట్టకపోతే ఏమవుతుందో నాకు తెలీదు. నీ చదువు పోతుంది. దాంతో వాడు తిరిగి వస్తాడని కూడా నేను చెప్పలేను."

అకేసా పెన్ను తీసుకుంది. తండ్రి వైపు చూసింది. ఆయన చేతుల చాటు నుంచి బయటికి రాలేదు. వాడి పెన్సిలు అక్షరాలకేసి చూసింది. ‘నిజం’ అన్న మాటని వాడు గట్టిగా ఒత్తి రాశాడు. కాగితం వెనక్కి తిప్పితే ఆ అక్షరాలు ఉబ్బి వేలికి తగులుతున్నాయి.

లేసియెలి నొప్పి పెడుతున్న కాలిని ఈడ్చుకుంటూ గుమ్మం దాకా వెళ్ళి, గదికి వీపు పెట్టి, వీధి వైపు ముఖం తిప్పుకుని నిలబడింది.

"నేను చూడను" అంది. "రాయి."